పొద్దు చెప్పే ఐదు వేళలు

మా తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ ఎరగని మనిషి దొరకడు. అలావా గుండం చుట్టూ ఎగిరినవాళ్ళు, పీరుకు ఊదు పట్టినవాళ్ళు, జహంగీర్ పీర్ దర్గాకు పోయి కందూరు విందు చేసుకొచ్చినవాళ్ళు అన్ని కులాల్లోనూ ఉంటారు. అదే మనిషిని "మీ వాడకట్టులో సాయబులు రోజూ నమాజు చేస్తారు కదా, అందులో ఏముంటుంది?" అని అడిగి చూడండి. "పడమర తిరిగి మొక్కుతరు" అంటాడు. అక్కడితో ఆగిపోతాడు. అతని తప్పేం లేదు. పీర్లకు డప్పుంది, నిప్పుల గుండముంది, ఊరేగింపుంది. నమాజుకు చూసేవాళ్ళు అక్కర్లేదు. తలుపు చాటున, చాప మీద, చేను గట్టున పది నిమిషాల్లో అయిపోతుంది. ఏడాదికోసారి వచ్చేదాన్ని ఊరంతా ఎరుగును. రోజుకు ఐదుసార్లు జరిగేది పక్కింటికి కూడా తెలియదు.

మాది ఝరాసంగం. జహీరాబాద్ దాటి లోపలికి రావాలి. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా కేతకీ సంగమేశ్వరస్వామి గుడి గురించే మాట్లాడతారు. మొగలిపూలు శివుడికి పనికిరావంటారు గదా, ఆ పూలతోనే పూజ జరిగే గుడి మాది. శివరాత్రికి కర్ణాటక వైపు నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి బండ్లు కట్టుకుని వస్తారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగి, సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన ముస్లిం ఆడమనిషిని నేను. ఇంట్లో దక్కనీ మాట్లాడతాను, పాఠం తెలుగులో చెప్పాను, నమాజు అరబ్బీలో చదువుతాను. బడిలో మధ్యాహ్నం పూట నేను మూల గదిలోకి పోయి వచ్చాక తోటి టీచర్లు అడిగేవాళ్ళు, "మేడం, అంతసేపు లోపల ఏం చదువుతారు? ఏం కోరుకుంటారు?" అని. గంట కొట్టేలోపు దొరికిన నిమిషాల్లో అప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ కుదురుగా చెబుతాను.

మైకులో వినపడేది నమాజు కాదు, నమాజుకు పిలుపు. దాని పేరు అజాన్. దేవుడు అందరికన్నా గొప్పవాడని, ఆయన తప్ప ఆరాధ్యుడు మరొకడు లేడని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం చెప్పి, నమాజుకు రమ్మని, మేలు జరిగే వైపు రమ్మని పిలుస్తారు. తెల్లవారుజామున మాత్రం నిద్రకన్నా నమాజు మంచిదని గుర్తు చేసే మాట అదనంగా ఉంటుంది. ఈ పిలుపు మదీనాలో మొదలైనప్పుడు ఆ పని అప్పగించింది బిలాల్‌కు. నల్లజాతి మనిషి, అబిసీనియా మూలాలవాడు, బానిసగా ఉండి విడుదలైనవాడు. పిలుపు అయ్యాక వెంటనే నమాజు మొదలు కాదు. పది నిమిషాలో పావుగంటో ఆగి, అందరూ చేరాక జమాత్, అంటే సామూహిక నమాజు, నిలబడుతుంది. సాయంత్రం మగ్రిబ్‌కు మాత్రం అజాన్ ముగియగానే వరుసలు కడతారు, ఎందుకంటే ఆ వేళ చాలా చిన్నది.

వేళ అన్నాను. నన్నడిగితే నమాజంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. నీళ్ళు లేకపోతే నమాజు సర్దుకుంటుంది. ఒంట్లో బాగాలేకపోతే సర్దుకుంటుంది. మసీదు దూరమైతే, ప్రయాణంలో ఉంటే, బట్టలు తడిసి ఉంటే, అన్నిటికీ ఏదో ఒక వెసులుబాటు ఉంది. వేళ ఒక్కటే సర్దుకోదు. వేళ దాటితే అది 'ఖజా', బాకీ పడ్డ నమాజు. తరువాత తీర్చుకోవచ్చు గానీ, వేళకు చేసినదానితో సమానం కాదు.

ఆ వేళలను చెప్పేది గడియారం కాదు, పొద్దు. ఫజ్ర్ తెల్లవారుజామున. తూర్పున మొదట నిలువుగా ఒక తెలుపు లేచి మాయమవుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ తరువాత అడ్డంగా, దిక్కంతా పరుచుకుంటూ వచ్చే వెలుగుతో వేళ మొదలవుతుంది. సూర్యుడు తల ఎత్తితే ముగుస్తుంది. జొహర్ మిట్టమధ్యాహ్నం పొద్దు వాలాక. అసర్ సాయంత్రానికి ముందు. మగ్రిబ్ పొద్దు గుంకగానే. ఇషా ఆకాశంలో ఆ సంజ వెలుగు పూర్తిగా పోయాక.

వీటిలో అసర్ లెక్క నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మా దాదీకి గడియారం చూడ్డం రాదు. వాకిట్లో పాతిన కర్ర నీడను చూసి చెప్పేది. మధ్యాహ్నం నీడ ఎంత పొట్టిగా ఉందో ముందు గుర్తుపెట్టుకోవాలి. ఆ నీడ మీద, కర్ర పొడవుకు రెండింతలు పెరిగితే అసర్ వచ్చినట్టు. ఇది హనఫీ అనే ధర్మశాస్త్ర శాఖ పద్ధతి, మా వైపు ఎక్కువమంది పాటించేది. షాఫయీ శాఖ పద్ధతిలో ఒక్కింత పెరిగితే చాలు. హైదరాబాద్‌లో బార్కస్‌కు పోతే ఈ తేడా చెవికి తెలుస్తుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చి స్థిరపడ్డ అరబ్బుల వాడ అది, వాళ్ళు షాఫయీలు. ఎండాకాలంలో వాళ్ళ అసర్ వేళ మాకన్నా గంటకు పైగా ముందు మొదలవుతుంది. రెండూ సరైనవే. ఒకరి వేళను ఇంకొకరు తప్పు పట్టరు.

నీడ గురించి ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. తొమ్మిదో తరగతి పిల్లలు సూర్యుడి గురించి అడిగినప్పుడు వాళ్ళకు ఇదే చూపించేదాన్ని. మా జహీరాబాద్ ప్రాంతంలో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది. ఆ మధ్యాహ్నం పాతిన కర్రకు నీడే ఉండదు. డిసెంబరు ఆఖర్లో అదే ఆరడుగుల కర్రకు మిట్టమధ్యాహ్నం కూడా ఐదడుగులకు పైగా నీడ పడుతుంది. మధ్యాహ్నపు నీడను తీసేసి లెక్కపెట్టాలని పెద్దలు ఎందుకన్నారో పిల్లలకు అప్పుడు చెప్పకుండానే అర్థమయ్యేది. పొద్దును బట్టి వేళలు నడుస్తాయి గనక పొద్దుకు మొక్కుతారేమో అని ఎవరైనా అనుకోవచ్చు. అందుకే సూర్యుడు పొడిచే క్షణంలో, నడినెత్తిన ఉన్న క్షణంలో, గుంకే క్షణంలో నమాజు చేయకూడదని నియమం పెట్టారు. పొద్దు మాకు వేళ చెబుతుంది, అంతవరకే.

ఇప్పుడు ప్రతి మసీదులోనూ ఎర్ర అంకెల డిజిటల్ గడియారం ఉంది. దుకాణాల గోడలకు రంజాన్ నెల పట్టిక వేలాడుతుంది. ఫోనే అజాన్ ఇస్తుంది. మగ్రిబ్ మా దగ్గర నవంబరు ఆఖర్లో ఆరు కాకముందే అయిపోతుంది, జులైలో ఏడుకు కాస్త ముందు వస్తుంది. ఏడాది పొడవునా ఇట్లా రోజుకు నిమిషమో అర నిమిషమో జరుగుతూ ఉంటుంది కాబట్టి, ఐదు పూటలూ చేసే మనిషికి ఋతువు మారడం ఒంటికే తెలుస్తుంది.

నమాజుకు ముందు వుజూ. ఇది నేను కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే "కాళ్ళు చేతులు కడుక్కోవడం" అని అందరూ తేలిగ్గా అనేస్తారు. మా ఇంట్లో ఇప్పటికీ కొమ్ముచెంబు ఉంది, మేం బద్నా అంటాం. కొమ్ము సన్నగా ఉంటుంది గనక ధార సన్నగానే పడుతుంది. మనసులో అనుకుని, దేవుడి పేరు చెప్పి, ముందు మణికట్ల దాకా చేతులు మూడుసార్లు. తరువాత మూడుసార్లు పుక్కిలింత, మూడుసార్లు ముక్కులోకి నీళ్ళు. ముఖం మూడుసార్లు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. కుడిచెయ్యి మోచేతితో సహా, తరువాత ఎడమ. తడిచేతులతో తల ఒకసారి నిమరాలి, అదే తడితో చెవులు. చివరికి పాదాలు చీలమండల దాకా, వేళ్ళ సందులతో సహా, కుడి ముందు, ఎడమ తరువాత. వీటిలో ముఖం, చేతులు, పాదాలు కడగడం, తల తుడవడం ఖురాన్ చెప్పిన తప్పనిసరి పనులు. తక్కినవి ప్రవక్త చేసి చూపినవి, వాటిని సున్నత్ అంటారు.

నీళ్ళు తగలని చోటు వెంట్రుకంత కూడా మిగలకూడదు. అందుకే గోళ్ళ రంగు వేసుకుంటే వుజూ కాదు, అది పొరలా ఉండి నీళ్ళను ఆపుతుంది. గోరింటాకు పండితే ఇబ్బంది లేదు, అది రంగే గానీ పొర కాదు. మా ఇండ్లలో అసలు చిక్కు ఈ రెండూ కాదు, జొన్నపిండి. రొట్టెలు కొట్టాక గోటి అంచులకు పిండి ఎండి గట్టిపడుతుంది. దాన్ని గీకి తీసి మరీ కడుక్కోవాలి. అల్లం తవ్వడానికి కూలికి పోయే ఆడవాళ్ళయితే గోళ్ళలో ఇరికిన ఎర్రమట్టిని పుల్లతో తీసుకుంటారు.

నీళ్ళ పొదుపు కూడా నియమంలో భాగమే. ప్రవక్త 'ముద్' అనే కొలతతో వుజూ చేసేవారని ఆయన మాటలూ చేతలూ చెప్పే హదీసుల్లో ఉంది. మన లెక్కలో లీటరు కన్నా తక్కువ. పారే ఏటి ఒడ్డున కూర్చున్నా నీళ్ళు దుబారా చేయొద్దని చెప్పారు. ఎండాకాలంలో బోర్లు ఎండిపోయే మా నేలలో ఈ మాట విలువ వేరే చెప్పాలా? ఇప్పటి మసీదుల్లో నల్లా తిప్పి, అది పారుతుండగానే కబుర్లు చెబుతూ కాళ్ళు కడిగేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. అది సున్నత్‌కు ఎదురు తిరగడమే.

నీళ్ళు అసలే లేకపోతే, లేదా జబ్బు వల్ల నీళ్ళు తగలకూడదంటే, మట్టి ఉంది. దాన్ని తయమ్ముమ్ అంటారు. శుభ్రమైన మట్టి మీద రెండు అరచేతులూ తట్టి, దులిపి, ముఖం తుడుచుకోవాలి. మళ్ళీ తట్టి చేతులు మోచేతుల దాకా తుడుచుకోవాలి. వుజూ అయినట్టే. మా అమ్మీ ఆఖరి రోజుల్లో మంచం పక్కన ఒక పళ్ళెంలో చేను మట్టి జల్లించి పెట్టాం. చేతులు వణుకుతున్నా ఆ మట్టిని తట్టి ముఖానికి రాసుకునేది. తరువాత పడుకునే, కళ్ళతో, తల కదలికతో నమాజు చేసేది. నిలబడలేనివాళ్ళు కూర్చుని, కూర్చోలేనివాళ్ళు పడుకుని చేయవచ్చు. తెలివి ఉన్నంతవరకు మాఫీ లేదు, కానీ ఒంటికి మించి అడగడమూ లేదు.

ఇక నమాజు. దాన్ని రకాత్‌లలో లెక్కిస్తారు. ఒక రకాత్ అంటే నిలబడటం, నడుం వంచడం, మళ్ళీ నిటారుగా లేవడం, రెండుసార్లు సజ్దా, అంటే నేలకు తల ఆనించడం. ఫజ్ర్‌కు 2, జొహర్‌కు 4, అసర్‌కు 4, మగ్రిబ్‌కు 3, ఇషాకు 4, మొత్తం 17 రకాత్‌లు ఫర్జ్, తప్పించుకోలేనివి. శుక్రవారం మసీదులో జుమా చదివితే జొహర్ నాలుగుకు బదులు 2. వీటికి తోడు ప్రవక్త విడవకుండా చేసిన సున్నత్‌లు 12, ఇషా తరువాత విత్ర్ అనే నమాజు 3. ఫర్జ్ ఒక్కటే చేసినా రోజుకు 34 సార్లు నుదురు నేలను తాకుతుంది. నుదురు ఒక్కటే కాదు, ముక్కు, రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదాల వేళ్ళు కూడా నేలకు ఆనాలి.

నిలబడ్డప్పుడు ప్రతి రకాత్‌లో ఫాతిహా సూరా చదువుతారు. ఖురాన్‌లో మొదటి అధ్యాయం, 7 వాక్యాలు. తోటి టీచర్లు అడిగిన "ఏం కోరుకుంటారు" అనే ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మొదటి సగంలో సర్వలోకాలను పాలించే దయామయుడిని పొగుడుతాం. నడుమ, నిన్నే ఆరాధిస్తాం, సాయం నిన్నే అడుగుతాం అని ఒప్పుకుంటాం. చివర, సరైన దారి చూపమని అడుగుతాం. డబ్బు లేదు, కొలువు లేదు, బిడ్డ పెళ్ళి లేదు. ఆ కోరికలన్నీ నమాజు ముగిశాక చేతులు చాచి అడిగే దుఆలో వస్తాయి, అది ఏ భాషలోనైనా అడగవచ్చు. నా దుఆ సగం దక్కనీలో, సగం తెలుగులో సాగుతుంది. కష్టం ఎక్కువైనప్పుడు తెలుగే ముందు వస్తుంది.

సెలవులకు వచ్చిన మనవరాలికి పోయిన వేసవిలో నేర్పాను. ఏడేళ్ళకు మొదలుపెట్టమని, పదేళ్ళకు గట్టిగా అలవాటు చేయమని పెద్దలు చెబుతారు. దానికి ఎనిమిది. వరండాలో రెండు జానమాజ్‌లు, అంటే నమాజు చాపలు, పక్కపక్కన పరిచి, నెత్తిన ఓఢ్నీ చుట్టి నిలబెట్టాను. జొహర్ చేస్తోంది. ఒకసారి లేచి నిలబడి అటూ ఇటూ చూసి, తల తిప్పకుండానే మెల్లగా అడిగింది.

"నానీ, ఇది మూడోదా, నాలుగోదా?"

నమాజులో మాట్లాడితే నమాజు పోతుంది. నేను మాట్లాడలేదు. నాది అయ్యాక దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "బేటా, మాట్లాడావు కాబట్టి ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి చెయ్యి. ఇంకోసారి సందేహం వస్తే నీ మనసుకు ఏది గట్టిగా అనిపిస్తే అది లెక్క. ఏదీ తోచకపోతే తక్కువది లెక్కపెట్టి, ఒకటి ఎక్కువ చదువు. ఆఖర్న రెండు సజ్దాలు అదనంగా చెయ్యి, సరిపోతుంది."

"మరిచిపోయినా సరిపోతుందా?"

"మరిచిపోతారనే గదా ఆ రెండు సజ్దాలు పెట్టింది."

వాటిని సజ్దా-ఎ-సహవ్ అంటారు. మరపుకు పరిహారం. పెద్ద పెద్ద ఇమాములు కూడా జమాత్ నడుపుతూ మరిచి ఈ సజ్దాలు చేస్తారు, వెనక నిలబడ్డవాళ్ళంతా వాళ్ళతో పాటు చేస్తారు. మనిషి మనసు పక్కకు పోతుందని ముందే ఒప్పుకున్న ఆరాధన ఇది. పరధ్యానం వచ్చిందని విడిచిపెట్టిన వాళ్ళను చూశాను, వాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఆఖరి రకాత్‌లో కూర్చుని అత్తహియాత్ అనే ప్రార్థన, ప్రవక్తల మీద దీవెన చదివి, కుడివైపు తల తిప్పి సలాం, ఎడమవైపు తిప్పి సలాం. ఇటు అటు ఉన్న మనుషులకు, దేవదూతలకు శాంతి కోరడంతో నమాజు అయిపోతుంది. ఫర్జ్, సున్నత్ కలిపినా పది పదిహేను నిమిషాలు.

పిల్లలకు అరబ్బీ పలుకు నేర్పి అర్థం చెప్పకుండా వదిలేయడం నాకు నచ్చదు. తెలుగువాళ్ళకు ఆ లోటు ఉండాల్సిన పని లేదు. ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలివాళ్ళలో ముఖ్యుడు అనంతపురం కాలేజీలో పాఠం చెప్పిన భాషాశాస్త్రవేత్త చిలుకూరి నారాయణరావు. బ్రాహ్మణ పండితుడు, ముస్లిం కాదు. ఆ తరువాత ఎన్నో అనువాదాలు వచ్చాయి. రాయలసీమ, కోస్తా జిల్లాల్లో తెలుగే ఇంటిభాష అయిన దూదేకుల కుటుంబాలు నమాజు సూరాలను తెలుగు లిపిలో అచ్చేసిన చిన్న పుస్తకాల నుంచే నేర్చుకున్నాయి. మా ఉర్దూ ఇళ్ళవాళ్ళు ఒకప్పుడు వాటిని చూసి పెదవి విరిచేవాళ్ళు. అది అన్యాయం. అర్థం తెలిసి చదివినవాడే మనకన్నా మేలు.

పడమర సంగతి మిగిలింది. ముస్లింలు పడమటికి మొక్కరు. మక్కాలోని కాబా వైపు తిరుగుతారు. ప్రవక్త మదీనాకు వలస పోయిన 622 తరువాత దాదాపు ఏడాదిన్నర దాకా జెరూసలేం వైపు తిరిగేవాళ్ళు, తరువాత కాబా వైపు మారింది. మన దేశానికి మక్కా పడమర ఉంది కాబట్టి పడమర అయింది. జహీరాబాద్ నుంచి చూస్తే అది నేరు పడమర కూడా కాదు, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. మా వైపు నుంచి ఎందరో మగవాళ్ళు గల్ఫ్‌కు పనికి పోతారు. జెద్దాలో దిగినవాడు తూర్పు తిరగాలి, మక్కా ఆ ఊరికి తూర్పున ఉంది మరి. అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లలు ఈశాన్యం తిరిగి చేస్తారు.

దిక్కు సరిచూసుకోవడానికి ఫోనూ, దిక్సూచీ అక్కర్లేని రోజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మే 27 లేదా 28న, మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తి మీద ఉంటాడు. మళ్ళీ జులై 15 లేదా 16న 2 గంటల 57 నిమిషాల ప్రాంతంలో. ఆ నిమిషంలో ఎక్కడ నిలబడి పొద్దు వైపు తిరిగినా అదే ఖిబ్లా, అంటే నమాజుకు తిరగాల్సిన దిక్కు. జులైలో మాకు మబ్బులు ఉంటాయి గానీ మే నెలలో ఎండ కరువా? పైకప్పు మీద కర్ర నిలబెట్టి, నీడ మీద సుద్దగీత గీస్తే చాలు. నీడకు ఎదురు దిక్కు ఖిబ్లా. ఆ గీత ప్రకారమే మా ఇంట్లో జానమాజ్ పరుస్తాం. గోడకు కొంచెం వంకరగా ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని సరిచేయబోతారు.

ప్రయాణంలో ఉన్నవాళ్ళకు నాలుగు రకాత్‌ల ఫర్జ్ రెండే. హనఫీ లెక్కలో సుమారు 78 కిలోమీటర్లు దాటే ప్రయాణమై, అక్కడ 15 రోజుల లోపు ఉండేటట్టయితే ఈ వెసులుబాటు. మేం బీదర్ పోతే నాలుగూ చదవాలి, ఆ ఊరు దగ్గరే. హైదరాబాద్ పోతే రెండు. ఆడవాళ్ళకు నెలసరి రోజుల్లో, పురిటి రోజుల్లో నమాజు లేదు, ఆ రోజులవి తరువాత తీర్చనక్కర్లేదు కూడా.

ఇంతదాకా చెప్పింది అర్థమైతే, నేను ఎక్కడికి వస్తున్నానో మీకు తెలిసే ఉంటుంది. వేళ ఆగదు, చోటు ఏదైనా సరే అన్నారు. భూమంతా మసీదేనని ప్రవక్త చెప్పారు. మగవాడికి ఏ బజారులోనైనా నాలుగడుగులు వేస్తే మసీదు ఉంది, వుజూకు నీళ్ళున్నాయి, నీడ ఉంది. మా దక్కన్‌లో ఆడవాళ్ళు ఇంట్లో చేయడమే మేలని చెబుతూ వచ్చారు, చాలా మసీదుల్లో మాకు చోటు కట్టనే లేదు. ఆడమనిషి ఇంట్లోనే ఉన్న రోజుల్లో ఆ మాట నడిచింది. ఇప్పుడు ఆమె ఆసుపత్రికి పోతుంది, బ్యాంకుకు పోతుంది, కాలేజీకి, కోర్టుకు, కూలికి పోతుంది. జహీరాబాద్ బస్టాండులో మధ్యాహ్నం బస్సు దిగి సాయంత్రం మళ్ళీ ఎక్కేలోపు జొహర్, అసర్ రెండు వేళలు దాటిపోతాయి. అట్లా బాకీ పడ్డ నమాజులు రాత్రి ఇంటికొచ్చి తీర్చుకునే ఆడవాళ్ళు ఎందరో నాకు తెలుసు. నేనూ ఏళ్ళ తరబడి తీర్చుకున్నాను.

మతం అడ్డుపడుతోందా అంటే, లేదు. ప్రవక్త కాలంలో మదీనా మసీదులో మగవాళ్ళ వెనక ఆడవాళ్ళు వరుసలు కట్టి నమాజు చేశారు. దేవుడి దాసీలను మసీదులకు పోకుండా ఆపొద్దని హదీసు ఉంది. మక్కాలో ఇవాళ్టికీ లక్షల మంది ఆడవాళ్ళు చేస్తారు. 2023 ఫిబ్రవరిలో ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇస్తూ, ఆడవాళ్ళు నమాజుకు మసీదులోకి రావచ్చని, జమాత్‌లో చేరడం మాత్రం వాళ్ళకు తప్పనిసరి కాదని చెప్పింది. మాకు తప్పనిసరి చేయమని నేనూ అడగడం లేదు. బజారు మసీదుల్లో, హైవే పక్క మసీదుల్లో ఒక చిన్న గది, ఒక తెర, రెండు నల్లాలు, మాకోసం వేరే దారి. కమిటీ పెద్దలు తలుచుకుంటే వచ్చే రంజాన్‌లోపు అయ్యే పని. ఫంక్షన్ హాళ్ళకు ఇచ్చే చందాలో పదో వంతు చాలు.

అది అయ్యేదాకా మీ మీదే ఆధారపడతాం. జహీరాబాద్‌లో ఒక లింగాయత్ అక్క బట్టల దుకాణం ఉంది. నేను సంచితో గుమ్మంలో కనపడగానే, "టీచరమ్మా, వేళయిందా?" అని లోపలి గది తలుపు తీస్తుంది. చీరల కట్టలు ఒక పక్కకు జరిపి, చెంబు నిండా నీళ్ళు పెడుతుంది. అట్లాంటి మనిషి ప్రతి బజారులో ఒకరుంటే మాకు కొదువ ఏముంటుంది?

కాబట్టి మీ ఇంట్లోనో, దుకాణంలోనో, ఆఫీసులోనో ఎవరైనా ముస్లిం ఆడమనిషి పది నిమిషాలు చోటు అడిగితే మొహమాటపడకండి. దేవుడి గదో, ప్రత్యేకమైన చాపో అక్కర్లేదు. శుభ్రమైన నేల, మడత విప్పిన ఉతికిన దుప్పటి చాలు. మగవాళ్ళు రాకపోకలు సాగించని మూల అయితే మంచిది. ఎదురుగా పెద్ద ఫొటోలు ఉంటే ఒక బట్ట కప్పండి, లేదా ఇంకో మూల చూపించండి. చెంబెడు నీళ్ళు ఇవ్వండి. ఆమె నమాజులో ఉండగా పలకరిస్తే జవాబివ్వదు, దాన్ని పట్టించుకోవద్దు. ఏదైనా పని మీద అటు పోవాల్సి వస్తే ఆమె ముందు నుంచి కాకుండా వెనక నుంచి పోండి. సలాం తిప్పి, దుఆ చేసుకుని తనే లేస్తుంది. అప్పుడు ఒక చాయ్ ఇస్తే కాదనదు.